జాలి ఉంటే ఆపరేషన్‌కి ముందే చూపించండి

కుక్క మెడకి కోన్, అంటే కుట్లు నాక్కోకుండా తల చుట్టూ పెట్టే ప్లాస్టిక్ గొట్టం, కట్టి వీధిలోకి తీసుకురండి, కసాయి అనే పేరు మీకు ఖాయం. మా తిరుపతి ఎం.ఆర్.పల్లిలో అయితే పొద్దున్నే పాల ప్యాకెట్‌కి బయల్దేరినవాళ్ళు కూడా ఆగి, ఒకసారి కుక్కని, ఒకసారి మనల్ని ఎగాదిగా చూసి, "నోరు లేని జీవి, దానికెందుకు మే ఈ శిక్ష?" అని అడిగి గానీ కదలరు. పొట్టకి కుట్లున్నాయి, నాక్కోకుండా కట్టాం అని చెబితే తల ఊపుతారు. ఊపి, "అయినా పాపం" అంటారు.

ఆ "అయినా పాపం" మీదే నా గొడవంతా. కోన్ పెట్టినందువల్ల చెడిన కుక్క నాకైతే తెలీదు. కోన్ చూసి జాలిపడి విప్పేసినందువల్ల మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కిన కుక్కల గురించి మాత్రం ఏ పశువుల డాక్టర్ని అడిగినా కథలు కథలుగా చెబుతారు. చిత్తూరులో మా పెద్దాడబిడ్డ వాళ్ళ లాబ్రడార్ కథా అదే. రాత్రంతా మంచం కోళ్ళకి కోన్ తగిలించుకుంటూ ఎవర్నీ నిద్రపోనివ్వడం లేదని విప్పేశారు. తెల్లారేసరికి పొట్ట మీద కుట్లు సగం లేవు. మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు, మళ్ళీ బిల్లు. కోన్ లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి. జాలి వల్ల ఆ కుక్కకి మిగిలింది రెండింతల కోన్.

అది చూసి ఉన్నాను కాబట్టే మా రాగికి ఆపరేషన్ అనుకున్నప్పుడు నా టెన్షన్ ఆపరేషన్ గురించి కాదు, ఆ తర్వాతి రెండు వారాల గురించి. రాగి మా నాటు కుక్క. ఒంటి రంగుని బట్టి పెట్టిన పేరు. సంగటి ముద్ద కనబడితే ప్రాణం పెడుతుంది కాబట్టి రెండు విధాలా సరిపోయింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చలికాలంలోనే చేయిద్దామనుకుంటే అది ఎదకొచ్చి కూర్చుంది. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువగా పారుతుంది, కోస్తే రక్తస్రావం ఎక్కువవుతుందని డాక్టర్లు సాధారణంగా రెండు మూడు నెలలు ఆగమంటారు. ఆగాం. ఆగితే మే నెల వచ్చింది. తిరుపతిలో మే అంటే తెలుసుగా, ఒక పక్క ఎండ, ఇంకో పక్క తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఎండ సంగతి ఫ్యాను చూసుకుంటుంది. జాతరకి చుట్టాలొస్తారు. పాకాల నుంచి, పీలేరు నుంచి, చిత్తూరు నుంచి, ఒక్కొక్కరూ ఒక్కో రకం జాలి మూటగట్టుకుని మరీ వస్తారు.

ముందు ఆ నాకుడు సంగతి తేల్చుకుందాం. "కుక్క నాలికలోనే మందుంటాది" అనే మాట మన పక్క చాలా గట్టిది. మా అత్త ఇప్పటికీ అదే అంటుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కుక్క లాలాజలంలో లైసోజైమ్ లాంటి, కొన్ని రకాల సూక్ష్మక్రిముల్ని కాస్త అదుపు చేసే పదార్థాలున్నాయి. ముల్లు గీసుకున్న చోట నాక్కుంటే మట్టి పోతుంది, అంతవరకు మేలే. కానీ అదే నోట్లో పాశ్చురెల్లా లాంటి బాక్టీరియా కూడా కాపురముంటుంది. అదీగాక, అడవిలో ఏ జంతువు పొట్టనీ కోసి, గర్భసంచి తీసి, పొరలు పొరలుగా కుట్టి పంపేవాళ్ళు లేరు. నాలిక వైద్యం పుట్టింది ఆ అడవి గీతలకి. ఈ ఆపరేషన్‌లో పొట్ట కండరం గోడకి ఒక వరస కుట్లు పడతాయి, చర్మం కింద ఇంకో వరస, పైన చర్మానికి మరొకటి. మనకి కనబడేది ఆ పై వరసే. కుక్క నాలిక ఆగకుండా రాస్తూనే ఉంటుంది, దాని ముందుపళ్ళు దారం ముడిని పట్టి లాగడానికే చేసినట్టుంటాయి. పై వరస తెగి, లోపలిదీ వదిలిందంటే పేగులు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. దానికి పెద్ద టైమేం పట్టదు. ఇంట్లో అందరూ నిద్రపోయాక ఓ పావుగంట దొరికితే చాలు.

మన ఊళ్ళలో ఈగల లెక్క ఒకటి అదనం. నాకి నాకి తడిగా ఉంచిన గాయం మీద ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. వీధి కుక్కల్లో పుండుకి పురుగులు పట్టడం చూడనివాళ్ళు మనలో తక్కువ. ఆ వాసన తెలిసినవాళ్ళు కోన్ తీయమని అడగరు.

ఇంకో చిక్కు ఉంది. గాయం మానే కొద్దీ దురద పుడుతుంది. కుక్కకి నాక్కోవాలనే కోరిక బాగా పెరిగేది నొప్పి ఉన్న మొదటి రెండు రోజుల్లో కంటే, గాయం ఎండే రోజుల్లో. చుట్టుపక్కలవాళ్ళ జాలి ముదిరేదీ సరిగ్గా అప్పుడే. "పైకి ఎండిపోయిండాది కదా, ఇంకెందుకు?" అంటారు. పైకి ఎండింది నిజమే. చర్మం కుట్లు తీసేది సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య. మూడు వారాలు గడిచినా కోసిన చోట చర్మానికి దాని మామూలు బలంలో సుమారు అయిదో వంతే తిరిగొస్తుందని సర్జరీ చదువుకున్నవాళ్ళు చెప్పే లెక్క. కంటికి కనబడే మానుడు వేరు, లోపలి మానుడు వేరు.

ఇంతవరకు చదివి నేను కోన్ కంపెనీ మనిషినని అనుకునేరు. కోన్ సుఖంగా ఉంటుందని నేను చచ్చినా అనను. 2020లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు కోన్ వాడిన కుక్కల, పిల్లుల యజమానుల్ని 434 మందిని అడిగితే, నూటికి 77 మంది కోన్ ఉన్నన్నాళ్ళూ వాటి బతుకు దిగజారిందనే చెప్పారు. నీళ్ళు తాగడానికి ఇబ్బంది, ఆటలు బంద్, అక్కడక్కడా దెబ్బలు. ఆశ్చర్యమేముంది? కోన్ కట్టగానే కుక్కకి పక్క చూపు పోతుంది. వెనక నుంచి ఎవరొస్తున్నారో తెలీదు. ముందు నుంచి వచ్చే శబ్దం పెద్దగా వినిపిస్తుంది, పక్కది వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. వాసన పట్టుకుని నడుద్దామని ముక్కు నేలకి వంచితే అంచు మట్టిలో గుచ్చుకుని ఆగిపోతుంది. నడుస్తూ నడుస్తూ ద్వారబంధానికి కొట్టుకుని, తానెందుకు ఆగిపోయిందో అర్థం కాక అక్కడే నిలబడిపోతుంది. కొన్ని వెనక్కి వెనక్కి నడుస్తాయి, తలలోంచి ఆ గొట్టాన్ని విడిపించుకుందామని. దాన్ని ఫోన్లో తీసి రీల్స్ పెట్టి నవ్వేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. తీసేయమని జాలిపడేవాళ్ళే నయం అనిపిస్తుంది అప్పుడు.

అంటే కష్టం ఉంది, ఆ కష్టం తప్పదు కూడా. మరి జాలిని ఏం చేసుకోవాలి? నేననేది ఇదే: ఆ జాలిని ఆపరేషన్‌కి ముందు ఖర్చుపెట్టండి. తర్వాత పడే జాలికి విప్పడం తప్ప ఇంకో పని తెలీదు.

మామూలుగా జరిగేదేంటో చూడండి. కుక్కని పొద్దున ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. సాయంత్రం మత్తు సగం దిగి, సగం దిగక, కాళ్ళు తడబడుతూ, పొట్టలో నొప్పితో కళ్ళు తెరుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని ఒక ప్లాస్టిక్ గొట్టం తల చుట్టూ ఉంటుంది. నొప్పి, మత్తు, భయం, గొట్టం, నాలుగూ ఒకేసారి. అది తన మెడకి ఏం తగులుకుందని అనుకుంటుంది పాపం? ఆ తర్వాత ఇంటికొచ్చి బెంబేలెత్తితే, "మా కుక్క కోన్ భరించదండీ" అని మనం తీర్పు చెప్పేస్తాం. కోన్‌ని ఎప్పుడు, ఎట్లా పరిచయం చేశామని ఆ తీర్పు?

రాగికి మాత్రం కోన్ ముందే ఇంటికొచ్చింది. "ఆపరేషన్ ఇంకా కాలేదు, అప్పుడే ముసుగు తెచ్చినావా?" అని మా ఆయన ఎగతాళి. మొదట దాన్ని నేల మీద పడేశాను. రాగి చుట్టూ తిరిగింది, మూతి పెట్టి వాసన చూసింది, ఒకసారి మొరిగింది. దాని లోపల రెండు చెనిక్కాయ గింజలు వేశాను, ఉప్పు లేనివి. తల దూర్చి తిని వెనక్కి దూకింది. అట్లా తల దూర్చడం భయం లేని పనైపోయాక, కోన్ చేత్తో పట్టుకుని దాని సన్నటి వైపు నుంచి ఉడికించిన గుడ్డు ముక్క చూపించాను. తనంతట తానే మూతి దూర్చి వచ్చింది. ఆ తర్వాత మెడ దాకా, కట్టకుండా. ఆ తర్వాత కట్టి, వెంటనే విప్పి. ఆ తర్వాత కట్టి అన్నం పెట్టి, అన్నం అయ్యాక విప్పి. ప్రతిసారీ అది ఇబ్బంది పడకముందే తీసేయడం ముఖ్యం. పీక్కుంటున్నప్పుడు తీస్తే, పీక్కుంటే పోతుందని నేర్చుకుంటుంది. ఇదేమీ పెద్ద విద్య కాదు. రోజూ అన్నం పెట్టే టైములోనే అయిపోతుంది. ఆపరేషన్ నాటికి కోన్ అంటే దానికి గుడ్డు వచ్చే గొట్టం.

మత్తులోంచి లేచాక అది బాధపడలేదని కాదు. పడింది. మూలిగింది. కానీ తల చుట్టూ ఉన్నది తనకి తెలిసిన వస్తువే. పీక్కోలేదు, వెనక్కి నడవలేదు. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు, ఒక్క కుక్కతో రుజువూ కాదు. భయపడే జంతువుకి కొత్త వస్తువుని తిండితో, కొద్దికొద్దిగా పరిచయం చేయడం అనేది కుక్కలకి పని నేర్పేవాళ్ళంతా చేసేదే. కోన్ విషయంలో మనకి ఆ ఆలోచన ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ఇల్లు కూడా ముందే సర్దుకోవాలి. మా వంటింటి గడప పక్కన బిందెలుంటాయి. తీసి పెరట్లో పెట్టించాను. నీళ్ళ గిన్నె నేల మీద ఉంటే కోన్ అంచు ముందు నేలకి తగిలి మూతి గిన్నె దాకా పోదు. బోర్లించిన బేసిన్ మీద చిన్న గిన్నె పెడితే, కోన్ ఆ గిన్నె చుట్టూ దిగి, మూతి నీళ్ళకి అందింది. ఇంతే తేడా. చాలామంది "కోన్ పెట్టినప్పటి నుంచి నీళ్ళు తాగట్లేదు" అని కోన్ తీసేస్తారు, గిన్నె మార్చరు. సంగటి, పెరుగన్నం పెడితే సగం కోన్ లోపలి గోడకి అంటుకుని, మన ఎండకి సాయంత్రానికల్లా పులిసిన వాసనొస్తుంది. రోజూ తుడవాలి. మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి, ఆ చోట చర్మం కమిలిందేమో వేళ్ళతో తడిమి చూడాలి. మేలో ఇది మరీ ముఖ్యం. కుక్క మనలాగా ఒళ్ళంతా చెమటపట్టి చల్లబడదు, ఎక్కువ వేడిని నాలిక చాపి వగరుస్తూనే బయటికి పంపుతుంది. ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో దాన్ని మిద్దె మీద, రేకుల కింద ఉంచకూడదు. నడక తెల్లవారుజామునే, అదీ ఒంటికీ రెంటికీ మాత్రమే.

ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. కుక్క చెవి వెనక గోక్కోలేదు. వెనక్కాలు ఎత్తి గోకితే గోళ్ళు ప్లాస్టిక్ మీద టకటకలాడతాయి, చెవి దురద అట్లాగే ఉంటుంది. ఆ శబ్దం విన్నప్పుడల్లా వెళ్ళి కోన్ లోపలికి చెయ్యి పెట్టి చెవి వెనక గోకేదాన్ని. రాగి కళ్ళు మూసుకుని, గాల్లో కాలు ఆడిస్తూ నిలబడేది, తానే గోక్కుంటున్నట్టు. ఎవరికైనా జాలి పొంగుకొస్తే వాళ్ళకి ఈ పని అప్పజెప్పండి.

ఇక జాతర. వారం రోజులు ఊరంతా వేషాలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, సున్నపు కుండల వేషం, రోజుకొకటి. చంటిబిడ్డల నుంచి మీసాలొచ్చిన మగాళ్ళ దాకా ముఖానికి రంగు పూసుకుని గంగమ్మ గుడికి పోతుంటారు. రాగి ఆపరేషన్ అయి, తెల్లటి ప్లాస్టిక్ తలతో వాకిట్లోకి వస్తే ఎదురింటి పిల్లాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "అక్కా, మీ రాగి ఏం వేషం కట్టిండాది? సున్నపు కుండలా?" అన్నాడు. వీధిలో దానికి జాలి లేకుండా దక్కిన పలకరింపు అదొక్కటే. డప్పుల చప్పుడు మాత్రం దానికి నరకమైంది. మామూలుగా కూడా భయమే. కోన్‌తో ఆ చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలీక ఇంకా బెదిరింది. కిటికీలు మూసి, ఫ్యాను పెంచి, లోపలి గదిలో పక్కన ఎవరో ఒకరం కూర్చున్నాం.

అంబలి పోసే రోజు ఇంటినిండా జనం. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లోంచి ప్లాస్టిక్ గీరుకునే చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చెవిలో మోగే శబ్దం ఆగితే వెంటనే తెలుస్తుంది. వెళ్ళి చూస్తే కోన్ సోఫా మీద ఉంది. రాగి సోఫా కింద, పొట్టలోకి తల పెట్టి, చపచపా పని కానిస్తోంది. మా చిన్నత్త పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. "ఊరక అయిదు నిమిషాలు తీసినా మే, దాని బాధ చూడలేక. నాక్కుంటే దానికి హాయిగా ఉంటాది కదా" అంది. పాకాలలో ఆవిడకి పన్నెండు మేకలు, రెండు ఆవులు, వాకిట్లో కుక్క. జంతువులంటే తెలీని మనిషి కాదు, ప్రేమ లేని మనిషి అసలే కాదు. ఆవిడతో గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఒక ముడి వదులైంది, చుట్టూ ఎర్రబడింది. అదృష్టం, లోపలి కుట్లకి ఏం కాలేదు. డాక్టర్ చూసి శుభ్రం చేసి, కోన్ గడువు ఇంకొన్నాళ్ళు పెంచారు. చిన్నత్తకి ఆ మాట చెప్పినప్పుడు నేను బాక్టీరియా గురించి మాట్లాడలేదు. పుత్తూరు కట్టు గురించి అడిగాను. ఆవిడ కొడుక్కి బండి మీద నుంచి పడి చెయ్యి విరిగితే పుత్తూరుకే తీసుకెళ్ళారు. తిరుపతికి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, నూరేళ్ళకు పైగా ఎముకల కట్టుకి పేరున్న ఊరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలు వేసి కట్టి పంపిస్తారు. వాళ్ళు చెప్పిన రోజు దాకా ఆ కట్టు ఎవరూ ముట్టుకోరు. దురద పుట్టి పిల్లాడు ఏడ్చినా విప్పరు. "అప్పుడు నీ కొడుకు రాత్రంతా ఏడిస్తే, పాపం అని కట్టు విప్పినావా చిన్నత్తా?" అన్నాను.

"అది మనిషి కదా మే, చెబితే తెలుసుకుంటాడు" అంది.

ఆవిడ మాట కాదనలేం. కుక్కకి చెప్పలేం కాబట్టే దాని తరఫున మనం ఇంకా గట్టిగా ఉండాలి అంటాను నేను. చెప్పలేం కాబట్టే దాన్ని బాధపెట్టకూడదు అంటుంది ఆవిడ. ఈ రెంటి మధ్య నేను ఆవిడని గెలవలేదు. కాకపోతే వెళ్ళేదాకా కోన్ మళ్ళీ ముట్టుకోలేదు, చెవి వెనక గోకే డ్యూటీ మాత్రం తీసుకుంది.

జాలిలో ఇంకో రకం ఉంది, ఇది మరీ ప్రమాదం. "నొప్పిగా ఉందేమో, ఒక మాత్ర వెయ్యకూడదా?" పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, మనింట్లో డబ్బాలో ఉండేవన్నీ. మనం మింగే డోసులో ఇవి కుక్కల కాలేయాన్నో, కిడ్నీల్నో, కడుపునో దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్‌ని పశువైద్యంలో వాడకుండా 2006లోనే మన దేశంలో ఆపేశారు. ఆ మందు పడ్డ గొడ్ల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేలాక. మనుషుల మాత్రగా మాత్రం అది దొరకని మందుల షాపు లేదు. కుక్కకి నొప్పి ఉంటే కుక్కకి రాసిన మందు ఉంటుంది, డాక్టర్ రాస్తారు. పసుపు, కొబ్బరి నూనె పూయమనేవాళ్ళూ ఉంటారు. నూనె వాసనకి నాకని కుక్క కూడా నాకుతుంది.

"ఆ గట్టి ప్లాస్టికే కావాలా, మెత్తవి రావా?" అంటే, వస్తాయి. గుడ్డ కోన్లు, గాలి నింపే రింగులు, పొట్టని కప్పే సూట్లు. ఏది పనిచేస్తుందనేది గాయం ఎక్కడుందో, కుక్క మెడ ఎంత పొడుగో చూసి తేల్చాలి. గాలి రింగు రాగి మెడకి పెడితే దాని మూతి నింపాదిగా పొట్ట దాకా వెళ్ళింది. నాటు కుక్క, ఒళ్ళు విల్లులా వంగుతుంది. గుడ్డ కోన్ పట్టుదల ఉన్న కుక్క ముందు నిలవదు, మడత పడిపోతుంది. పొట్ట మీది కుట్లకి సూటు మంచిదే. పాత కాటన్ టీషర్టుకి నడుము దగ్గర ముడి వేసినా కొన్నిటికి చాలు. మేలో కోన్ కంటే అది నయమో కాదో మీ ఇంటి గాలిని బట్టి. కాలికో, తోకకో గాయమైతే ఇవేవీ పనికిరావు, ప్లాస్టిక్ కోనే గతి. అదీ ముక్కు చివర దాటి ఒకటి రెండు అంగుళాలు ముందుకి ఉండాలి. పొట్టి కోన్ పెట్టడం కంటే పెట్టకపోవడం మేలు, ఎందుకంటే పెట్టామన్న ధీమాతో మనం నిద్రపోతాం. డబ్బు ఇబ్బందయితే, బీరువా మీద పడి ఉండే పాత ఎక్స్‌రే ఫిల్ములు చుట్టి, అంచులకి ప్లాస్టర్ అంటించి కోన్ చేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అంచు కోసుకోకుండా చూసుకుంటే అదీ కోనే.

నన్ను నోరెత్తనీయని ప్రశ్న మా మరిది అడిగాడు. "మున్సిపాలిటీవాళ్ళు వీధి కుక్కలకి ఇదే ఆపరేషన్ చేసి చెవి కత్తిరించి వదుల్తారు. వాటికి ఎవరు కట్టారు వదినా కోన్?" మంచి ప్రశ్నే. ఆ ఆపరేషన్లలో సాధారణంగా కోత చిన్నదిగా పెడతారు, తీయాల్సిన పని లేకుండా లోపలే కరిగిపోయే దారం వాడతారు, చేసినాక కొన్ని రోజులు బోనులో ఉంచి చూసి వదలాలని నిబంధన. అంటే అక్కడ కోన్ లేకపోవడానికి కోతని, దారాన్ని ముందే దానికి తగ్గట్టు మార్చుకున్నారు. మన ఇంటి కుక్కకీ అట్లాగే లోపలి కుట్లు వేయమని డాక్టర్ని అడగొచ్చు. అడగండి. కొందరు వేస్తారు, అప్పుడు కోన్ రోజులు తగ్గొచ్చు. ఇంతకీ, వదిలిన వీధి కుక్కల్లో ఎన్నిటికి పుండ్లు పడ్డాయో మన వీధిలో ఎవరు వెంటపడి చూశారు? కనబడని కష్టాన్ని లేదనుకోవడం సులువు. కోన్ కష్టం ఎదురుగా కనబడుతుంది, అందుకే దాని మీద అంత జాలి.

చివరగా నా ఫిర్యాదు క్లినిక్కుల మీద. నేను తీసుకెళ్ళిన చోట ఆపరేషన్ తేదీ ఇచ్చారు, ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు, రక్తపరీక్ష రాశారు. కోన్ మాట ఎత్తలేదు. నేనే అడిగితే "అది ఆ రోజు మేమే కడతాంలే అమ్మా" అన్నారు. కట్టేది వాళ్ళే, కానీ దానితో పద్నాలుగు రోజులు కాపురం చేసేది కుక్క, మేము. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు ఇది. చెప్పగలిగినవాళ్ళకి కరువు లేదు. తేదీతో పాటే కోన్ కూడా చేతిలో పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళి ఇందులో అన్నం పెట్టండి" అని ఒక్క మాట చెప్పడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. కోన్ ఎట్లాగూ బిల్లులో వేస్తారు, వారం ముందు వేసుకుంటే ఏం పోయింది?

వాళ్ళు ఆ పద్ధతి మొదలుపెట్టేదాకా, రాగి కోన్ మా పెరటి గోడకి మేకుకి వేలాడుతోంది, సబ్బుతో కడిగి ఎండబెట్టి ఉంది. మధ్యరకం సైజు. మా చుట్టుపక్కల ఎవరికి కావాలన్నా ఇస్తాను, వాడాక కడిగి ఇవ్వాలి. కాకపోతే ఆపరేషన్‌కి వారం ముందు రావాలి. అయినాక పరిగెత్తుకొచ్చినా ఇస్తాను గానీ, నా చేత రెండు మాటలు పడి తీసుకెళ్ళాలి.